మొదటిసారి చేతికి ఏదివ్వాలి: ఎయిర్ రైఫిలా, ఎయిర్ పిస్టలా?

కొత్తగా షూటింగ్ రేంజ్‌కి వచ్చిన పిల్లల కళ్లు ముందు పిస్టల్ మీదే పడతాయి. 2024 పారిస్‌లో మను భాకర్‌ని చూశాక పడవా మరి! 2012 లండన్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది రైఫిల్‌తో అని చెప్పినా వినరు. రెండింటికీ దూరం 10 మీటర్లే, రెండింట్లోనూ 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్టే (చిన్న గుండు). జాగ్రత్తలు నేర్పేటప్పుడే తేడా తెలుస్తుంది.

పిస్టల్ కిలోన్నర లోపే, ఒంటిచేత్తో పట్టుకునేది. "సార్, పేలట్లేదు" అంటూ పిల్లాడు వెనక్కి తిరిగాడంటే గొట్టం కూడా వాడితోపాటే పక్క లేన్ వైపు తిరిగిపోతుంది. ఆ సంగతి వాడికి తెలియను కూడా తెలియదు. రైఫిల్ పొడుగ్గా, బరువుగా ఉంటుంది. అంత తేలిగ్గా తిప్పలేరు, గొట్టం ఎటుందో కోచ్‌కి దూరం నుంచే కనబడుతుంది.

అలాగని రైఫిల్‌కి నూటికి నూరు మార్కులు వెయ్యలేం. పోటీ నిబంధనల ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌కి కనీసం 500 గ్రాముల ఒత్తిడి ఉండాలి. రైఫిల్‌కి అలాంటి కనీసం లేదు. తేలిగ్గా సెట్ చేసిన మ్యాచ్ రైఫిల్ వేలు ఆనితే చాలు, పేలుతుంది. అందుకే గురి కుదిరేదాకా చూపుడువేలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు బయటే ఉండాలని రైఫిల్ దగ్గర పదిసార్లు ఎక్కువ చెప్పాలి.

సేఫ్టీ ఫ్లాగ్ రెండింటికీ ఒకటే. గొట్టంలోకి వెనక నుంచి దూర్చిన ఆ రంగు తీగ ముందు మూతిలోంచి బయటికి కనబడాలి. కనబడితేనే తుపాకీ ఖాళీ అన్నట్టు.

నేనైతే స్టాండ్ మీద ఆనించిన రైఫిల్‌తోనే మొదలుపెట్టిస్తాను, మొదటి రెండు రోజులూ పెల్లెట్ ఇవ్వకుండా. పిల్లలు మూతి ముడుచుకుంటారు, ముడుచుకోనీ.