కార్చిచ్చు కాలానికి పిల్లిని మోసే ఏ క్యారియర్ కొనాలి? పైనుంచి తెరుచుకునే ప్లాస్టిక్ క్యారియర్‌పై సమీక్ష

పిల్లిని టీకాకి తీసుకెళ్లి తేవడానికైతే ఏ క్యారియరైనా సరిపోతుంది. చుట్టుపక్కల అడవి ఎండిపోయి, ఎప్పుడు ఇల్లు ఖాళీ చేయమంటారో తెలియని వేసవిలో మాత్రం అదే వస్తువును వేరే లెక్కతో చూడాలి. బెదిరిపోయి గోళ్లు బయటపెట్టిన పిల్లిని ఒక్క మనిషి, ఇంకెవరి సాయమూ లేకుండా, నిమిషంలోపు అందులో పెట్టి తలుపు వేయగలగాలి. మంట మనకిచ్చే సమయం ఒక్కోసారి అంతే. 2018 నవంబర్ 8న కాలిఫోర్నియాలో ఉదయం ఆరున్నర ప్రాంతంలో రాజుకున్న ‘క్యాంప్ ఫైర్’ అనే కార్చిచ్చు, ఎనిమిదయ్యేసరికి పారడైజ్ ఊరి అంచుకు చేరింది. 85 మంది చనిపోయారు. అలాంటి పొద్దున మంచం కింద దూరిన పిల్లిని బతిమాలుతూ కూర్చోవడం కుదరదు.

ఈ లెక్కన చూస్తే, ముందొకటి, పైనొకటి తలుపులున్న గట్టి ప్లాస్టిక్ క్యారియర్‌కే మా ఓటు. ఇదే నమూనా చాలా కంపెనీలు అమ్ముతున్నాయి కాబట్టి పేరు కన్నా తయారీ ఎలా ఉందో చూసి కొనాలి.

దీని బలమంతా పై తలుపులోనే ఉంది. ముందు తలుపులోంచి తోస్తే పిల్లి నాలుగు కాళ్లూ అంచుకి తన్నిపెట్టి, ఎంత నెట్టినా కదలదు. పైనుంచి దించితే అలా తన్నిపెట్టడానికి దానికి ఆధారం దొరకదు. ముందుగా గది తలుపు మూసేయాలి. పెద్ద తువ్వాలు పిల్లి వీపు మీంచి వేసి, మెడ దగ్గర నుంచి కాళ్ల దాకా చుట్టి, ముందుకాళ్లు లోపలే ఉండేలా పట్టుకోవాలి. వెనక భాగం ముందు లోపలికి వెళ్లేలా దించి, తువ్వాలుతో సహా వదిలేసి మూత వేయాలి. తువ్వాలు బయటికి లాగబోతే పిల్లి దాంతోపాటే పైకి వస్తుంది. ఒక తలుపే ఉన్న పాత క్యారియర్ ఇంట్లో ఉంటే దాన్ని తలుపు పైకి వచ్చేలా నిలబెట్టి ఇలాగే దించొచ్చు. కాకపోతే అది పక్కకి ఒరిగిపోకుండా గోడ మూలకి ఆనించాలి.

ఇక లోపాలు. కొన్ని మోడళ్లలో మోసే పిడిని పై తలుపుకే బిగించేస్తారు. అంటే పిల్లి బరువంతా ఆ మూత గడియల మీదే పడుతుంది. పిడిని పై తలుపు చుట్టూ ఉన్న చట్రానికి బిగించినది తీసుకోండి, మూతకే ఉన్నదాన్ని కొనవద్దు. రెండో బలహీనత, పై సగాన్నీ కింది సగాన్నీ కలిపే ప్లాస్టిక్ క్లిప్పులు. ఎండ తగిలేచోట నెలల తరబడి పడేస్తే ఇవి పెళుసుబారి, బరువు పడగానే విరుగుతాయి. నట్లు, బోల్టులున్న మోడల్ మేలు, అయితే అవి కదలికకి వదులవుతాయి కాబట్టి వేసవి మొదట్లోనే ఒకసారి బిగించుకోవాలి. క్లిప్పులకైనా బోల్టులకైనా మందు ఒకటే: నాలుగు మూలల్లో గాలి రంధ్రాల గుండా ఒక్కో కేబుల్ టై (లాగి బిగించే ప్లాస్టిక్ పట్టీ) వేసి రెండు సగాలనూ కలిపి బిగించడం. డాక్టర్ పై సగం తీసి చూడాలంటే టైలను కోయాల్సి వస్తుంది, కాబట్టి నాలుగైదు అదనపు టైలు క్యారియర్ పక్కన కట్టే సంచీలో ఉంచండి.

ముందు తలుపు దగ్గర ఒక చిన్న విషయం చాలామంది గమనించరు. స్ప్రింగు నొక్కి వదిలితే పైనొకటి, కిందొకటి ఇనుప కడ్డీలు రెండు రంధ్రాల్లో కూర్చోవాలి. లోపల వేసిన గుడ్డ అంచు గడప మీదకి వస్తే కింది కడ్డీ రంధ్రంలో కూర్చోదు. పైకి తలుపు మూసుకున్నట్టే కనిపిస్తుంది, పిల్లి తలతో రెండుసార్లు పొడిస్తే కింది నుంచి తెరుచుకుంటుంది. గుడ్డను అంచుకి రెండు అంగుళాలు తక్కువగా కత్తిరించి వేయండి, తలుపు వేశాక కింది మూల వేలితో తోసి చూడండి.

కొన్న రోజే బరువు పరీక్ష చేయాలి. పిల్లి బరువుకి ఒకటిన్నర రెట్లు, అంటే 5 కిలోల పిల్లికి ఏడెనిమిది లీటర్ల నీళ్ల సీసాలు లోపల పెట్టి, పిడితో ఎత్తి, నాలుగడుగులు వేగంగా నడిచి కాస్త ఊపి చూడాలి. పిడి వంగినా, రెండు సగాల మధ్య సందు కనిపించినా వెనక్కి ఇచ్చేయండి. కొలతలకి, ముక్కు నుంచి తోక మొదలు దాకా పొడవు చూసి దానికి పది సెంటీమీటర్లు కలుపుకోవాలి. ఎత్తు కూర్చున్నప్పుడు చెవులు తగలనంత ఉండాలి. మరీ పెద్దది కొంటే నడిచేటప్పుడు పిల్లి ఇటూ అటూ జారి బెదురుతుంది. మోసే మనిషికి ఇరుకు తలుపుల్లో పట్టదు, అది ఇంకా పెద్ద ఇబ్బంది.

రెండు పిల్లులుంటే రెండు క్యారియర్లు. కలిసి పడుకునే జంటైనా సరే, సైరన్లు, పొగ వాసన, పరుగుల మధ్య ఒకదాన్నొకటి శత్రువులా చూసి కొట్టుకుంటాయి. ఆ భయం తగ్గాక కూడా కొన్నాళ్లు పగ మిగిలిపోవడం డాక్టర్లకి తెలిసిన సంగతే.

మిగతా రకాల గురించి కొంచెం. మెత్తటి గుడ్డ క్యారియర్ తేలిక, మడిచి పెట్టుకోవచ్చు. జిప్పే దాని బలహీనమైన చోటు. పిల్లి గోరుతో జిప్పు పన్ను జరుపుతూ పోతే సందు పెరుగుతుంది. జిప్పు చివరలను చిన్న కొక్కెంతో ఒకదానికొకటి తగిలిస్తే చాలావరకు ఆగుతుంది. నైలాన్ వలకి నిప్పురవ్వ తగిలితే కరుగుతుంది కాబట్టి మంట దగ్గరగా ఉన్నప్పుడు దీన్ని ఆరుబయట కింద పెట్టొద్దు. పారదర్శకమైన గుండ్రటి కిటికీ ఉన్న బ్యాక్‌ప్యాక్‌లు చూడ్డానికి బాగుంటాయి గానీ, ఎండలో ఆ బుడగ లోపల వేడి పట్టుకుంటుంది, గాలి రంధ్రాలు తక్కువ. వేసవి మంటల కాలానికి అస్సలు వద్దు. ఏదీ లేనప్పుడు నూలు దిండు గలీబు పనికొస్తుంది: పిల్లిని దింపి మూతి ముడివేసి కారుదాకా మోయడానికి మాత్రమే. కారులోకి వెళ్లగానే తీసేయాలి, లోపల వేడి త్వరగా పెరుగుతుంది.

క్యారియర్ ఎంత మంచిదైనా అటక మీద ఉంటే పనికిరాదు. దాన్ని చూడగానే పారిపోయే పిల్లికి, అది ఇంట్లో సామానుగా మారాలి. తలుపులు రెండూ ఊడదీసి, పిల్లి పడుకునే గుడ్డ వేసి, ఇంట్లో అది ఎక్కువగా తిరిగే గదిలో మూల పెట్టండి. మొదటి వారం తిండి గిన్నె ముందర పెట్టి, తర్వాత గడప మీదికి, ఆ తర్వాత లోపలి వెనక గోడ దాకా జరపండి. లోపలే తింటున్నాక తలుపు తగిలించి, నిమిషం మూసి, తెరవండి. తొందరపడి మూసేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మళ్లీ మొదటికే వస్తుంది. పని పూర్తవడానికి నెల పట్టొచ్చు, అందుకే ఇది మంటల కాలం రాకముందే మొదలెట్టాల్సిన పని.

పొగ కమ్ముకున్న రోజుల్లో ఆ మూల, ఇంట్లో గాలి శుభ్రంగా ఉన్న గదిలోనే ఉండాలి. కిటికీలు మూసి, అంచులకు తువ్వాళ్లు కుక్కి, సన్నటి పొగ కణాలను పట్టే హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ నడిపే గది అది. ఓజోన్ వదిలే రకం ప్యూరిఫయర్ మాత్రం వద్దు, ఊపిరితిత్తులకు అది కూడా హానికరమే. ఎండకాలం కిటికీలు మూస్తే గది వేడెక్కుతుంది, కాబట్టి ఏసీని బయటి గాలి లాగకుండా లోపలి గాలే తిప్పేలా పెట్టాలి. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి. కుక్కల్లో ఒగర్చడం మామూలే గానీ పిల్లిలో ఇది ప్రమాద సూచన. మంచం కింద దూరే అలవాటున్న పిల్లి ఉంటే ఆ సందులను పెట్టెలతో ముందే మూసేయడం, హెచ్చరిక వచ్చినప్పుడు అరగంట వెతుకులాటను తప్పిస్తుంది.

క్యారియర్ మీద ఫోన్ నంబర్ కాగితం మీద రాసి అంటించకండి, చెమటకీ నీళ్లకీ ఊడిపోతుంది. చెరగని మార్కర్‌తో ప్లాస్టిక్ మీదే రాయండి: మీ నంబర్, ఆ ప్రాంతంలో ఉండని ఒక బంధువు నంబర్, పిల్లి పేరు, వాడుతున్న మందు, పిల్లి చర్మం కింద పెట్టించిన గుర్తింపు చిప్ ఉంటే దాని 15 అంకెల నంబర్. చిప్ ఉన్నా, అది నమోదైన చోట మీ ఫోన్ నంబర్ పాతదై ఉంటే దాంతో ఏ ఉపయోగం లేదు. పక్కనే కట్టిన సంచీలో వారానికి సరిపడా తిండి, మడిచే గిన్నె, ఒక అల్యూమినియం ట్రే, రెండు కిలోల లిట్టర్ (పిల్లి మలమూత్రాల కోసం ట్రేలో పోసే ఇసుకలాంటిది), టీకాల కాగితాల నకలు, పిల్లితో మీరు కలిసి దిగిన ఫోటో ఉండాలి. ఆ ఫోటో, తప్పిపోయి దొరికినప్పుడు అది మీదేనని చూపడానికి.

కారులో ముందు సీటు వెనక నేల మీద క్యారియర్ పెట్టడం, సీటు మీద పెట్టి పిడిలోంచి బెల్టు దూర్చడం కన్నా మేలు. బెల్టుతో బిగిస్తే తాకిడికి ప్లాస్టిక్ నలిగే ప్రమాదం ఉంది. ఏసీ లోపలి గాలి తిప్పే మోడ్‌లో ఉండాలి. ఎండలో ఆపిన కారులో, కిటికీ అంగుళం తెరిచినా, లోపలి వేడి పెరగడం ఆగదు. మొదటి అరగంటలోనే అత్యధికంగా పెరుగుతుంది. పెట్రోల్ బంకులో కూడా పిల్లిని కారులో ఒంటరిగా వదలొద్దు. క్యారియర్ మీద పల్చటి నూలు గుడ్డ కప్పితే పిల్లి నెమ్మదిస్తుంది, కాకపోతే ఒక వైపు గాలికి వదలాలి.

ఇది ఎవరికి కాదు: పది కిలోలు దాటిన కుక్కకి, మడిచే ఇనుప పంజరం కావాలి, ఎలా తెరవాలో ముందే చేసి చూసుకోవాలి. చిలకలకు, పిచ్చుకలకు ఈ క్యారియర్ కొంతవరకు పనికొస్తుంది గానీ లోపల కాళ్లు పట్టుకోవడానికి అడ్డుకర్ర బిగించాలి. పొగను అందరికంటే ముందు తట్టుకోలేనివి పక్షులే కాబట్టి, ఖాళీ చేయమని చెప్పేదాకా ఆగకుండా, పొగ కనిపించిన రోజే వాటిని పొగ లేని చోట ఉన్న వాళ్ల దగ్గరికి పంపేయడం మంచిది.