నాలుగేళ్ల వాడకం తర్వాత: ఆంప్ మంచిదే, కాల్చింది బిగింపు

ఈ నాలుగు ఛానెళ్ల కారు ఆంప్లిఫయర్‌కు ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లందరిదీ దాదాపు ఒకే ఫిర్యాదు: ఏడాది తిరగకుండానే కాలిపోయింది. నాదీ కాలిపోయింది. బాగు చేయించి, వైరింగ్ మొత్తం పీకించి మళ్లీ బిగించుకున్నాక వరుసగా మూడు ఎండాకాలాలు నడిచింది, ఇంకా నడుస్తోంది. అందుకే వాళ్లకూ నాకూ మాట కలవదు. ఈ ధరలో దొరికే ఆంప్‌లన్నిటికీ లోపలి కథ ఒకటే కాబట్టి కంపెనీ పేరు పక్కన పెడుతున్నాను.

ముందు వస్తువు గురించి. క్లాస్ ఏబీ రకం (ఆంప్ లోపలి సర్క్యూట్ పద్ధతుల్లో ఒకటి). 4 ఓమ్‌ల (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు) స్పీకర్లకు ఛానెల్‌కు 75 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే శక్తి) ఇస్తుందని మాన్యువల్ చెబుతుంది. అట్టపెట్టె మీద మాత్రం కొట్టొచ్చినట్టు 1200 వాట్లని ఉంటుంది. ఆంప్‌కు ఉన్నవి రెండు 25 ఆంపియర్ల ఫ్యూజులు. 50 ఆంపియర్లను 14 వోల్టులతో గుణిస్తే లోపలికి వెళ్లేదే 700 వాట్లు. ఏబీ రకం మహా అయితే అందులో అరవై శాతం స్పీకర్లకు పంపుతుంది. 700 తీసుకుని 1200 ఇచ్చే యంత్రమే ఉంటే కార్ల వాళ్లకంటే ముందు జెన్‌కో వాళ్లు కొనుక్కునేవారు. కొనేటప్పుడు సీఈఏ-2006 (ఇప్పటి పేరు సీటీఏ-2006) గుర్తు కోసం వెతకండి. అది ఉంటే ఆ వాట్లు 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల లోడు మీద, ఒక శాతానికి మించని వక్రీకరణతో కొలిచినవని అర్థం.

మిగిలిన నలభై శాతం ఎక్కడికి పోతుంది? వేడిగా మారుతుంది. ఆంప్ ఒళ్లంతా అల్యూమినియం రెక్కలు పెట్టేది ఆ వేడిని గాలికి వదిలేయడానికే. మా ఊళ్లో నేను బిగింపించిన దుకాణం వాళ్లు దాన్ని డిక్కీలో, వెనక సీటు వీపుకు కార్పెట్ మీదే స్క్రూలు కొట్టి తగిలించారు. దానికి ఎదురుగా, వేలు దూరేంత సందు మాత్రం వదిలి సబ్‌వూఫర్ (బేస్ స్పీకర్) పెట్టెను నిలబెట్టారు. చూడటానికి చక్కగానే ఉంది, వైరు ముక్క కూడా కనబడదు. విజయవాడలో మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో గాలి 60 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఇలాంటి ఆంప్‌లు 80, 85 డిగ్రీల దగ్గర తమంతట తామే ఆగిపోయేలా తయారవుతాయి. పాట మొదలుకాకముందే ఎక్కువ దూరం నడిచేసినట్టే కదా.

మొదటి వేసవిలోనే లక్షణాలు బయటపడ్డాయి. హైదరాబాద్ దారిలో సూర్యాపేట దాటగానే పాట ఆగిపోయేది, ఆంప్ మీది నీలం దీపం ఎర్రబడేది. కాసేపు ఆపి ఉంచితే మళ్లీ పలికేది. దుకాణానికి తీసుకెళ్తే "ఎండలకు మామూలే సార్, కొంచెం సౌండ్ తగ్గించి పెట్టుకోండి" అన్నారు. ఆ తర్వాత ఫ్యూజులు పోవడం మొదలైంది. దానికి వాళ్లు చేసిన వైద్యం ఏమిటంటే, 25 ఆంపియర్లవి తీసేసి 40వి వేయడం. ఆ సంగతి నాకు ఆంప్ చచ్చాకే తెలిసింది. ఒక సాయంత్రం కాలిన బేకలైట్ వాసన వచ్చింది, ఇక ఎర్ర దీపం ఆరలేదు. స్పీకర్ల వైర్లన్నీ పీకి చూసినా అది అలాగే వెలుగుతుంటే లోపం ఆంప్ లోపలే ఉన్నట్టు. వైర్లు పీకగానే పోతే స్పీకరునో దాని వైరునో అనుమానించాలి.

వారంటీ వర్తించదన్నారు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. మూత విప్పి బోర్డు చూసీచూడగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "బాబూ, మీ సబ్ ఎన్ని ఓమ్‌లు?"

ఎండ సంగతి అడగలేదు! నా సబ్‌వూఫర్‌కు రెండు కాయిళ్లు, ఒక్కోటి 4 ఓమ్‌లు. దుకాణం వాళ్లు రెండింటినీ సమాంతరంగా కలిపారు కాబట్టి మొత్తం 2 ఓమ్‌లైంది. దాన్ని మూడు, నాలుగు ఛానెళ్లను బ్రిడ్జి చేసి (రెండింటినీ ఒకటిగా కలిపి) తగిలించారు. బ్రిడ్జిలో లోడు రెండు ఛానెళ్లకూ సగం సగం పడుతుంది, అంటే ఒక్కోదానికి 1 ఓమ్. ఓమ్‌లు తగ్గేకొద్దీ ఆంప్ మీద పడే కరెంటు, వేడి పెరుగుతాయి. ఇక్కడ 4 ఓమ్‌లకు తక్కువ పెట్టవద్దని మాన్యువల్‌లో నల్ల అక్షరాల్లో ఉంది. బేస్ కొంచెం గట్టిగా వినబడితే కస్టమర్ సంతోషిస్తాడని అలా కలిపి ఉంటారు.

ఆయన మల్టీమీటరు ముల్లులను ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల కాళ్లకు ఆనించి చూపించారు. ముల్లులు అటు మార్చినా ఇటు మార్చినా మీటరు ఆగకుండా కూస్తోంది. లోపల షార్ట్. కరెంటు తెచ్చే వైపు మాస్‌ఫెట్లలోనూ (అవీ ట్రాన్సిస్టర్లే) రెండు పోయాయి. ట్రాన్సిస్టర్లకూ అల్యూమినియానికీ మధ్య వేడిని దాటించాల్సిన పేస్టు ఎండి, గోటితో గీస్తే తెల్లటి పొడిలా రాలింది. పోయినవాటినే కాకుండా వరుస మొత్తం మార్చారు. పాతవాటి మధ్య ఒక కొత్తది పెడితే భారాన్ని సమానంగా పంచుకోవట. అంతా అతికాక నేరుగా బ్యాటరీకి తగిలించలేదు. మధ్యలో ఒక హెడ్‌లైటు బల్బును సీరీస్‌లో పెట్టి కరెంటిచ్చారు. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. షార్ట్ ఇంకా ఉంటే అది వెలుగుతూనే ఉండేది, కొత్త ట్రాన్సిస్టర్లు మాత్రం దక్కేవి. మొత్తం ఖర్చు కొత్త ఆంప్ ధరలో పావు వంతు కూడా కాలేదు.

తిరిగొచ్చాక వేరే ఎలక్ట్రీషియన్‌ను పెట్టుకుని, పక్కనే కూర్చుని కారులో కార్పెట్ ఎత్తించాను. ఎర్త్ వైరును వెనక సీటు బెల్టు బోల్టు కింద ఇరికించారు. రంగు గీకనైనా లేదు, లగ్గు (వైరు కొసనుండే లోహపు రింగు) చుట్టూ నల్లటి వలయం కట్టింది. ప్రాణం కాపాడే బోల్టును ఎర్త్ కోసం విప్పడమే తప్పు. పవర్ వైరు మీద 4 గేజ్ అని అచ్చువేసి ఉంది కానీ లావంతా ప్లాస్టిక్‌దే. లోపలి పోగును బ్లేడుతో గీకితే రాగి పూత కింద తెల్లగా అల్యూమినియం బయటపడింది. అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఇంజన్ గది నుంచి లోపలికి వచ్చే రంధ్రం. రబ్బరు గ్రోమెట్ లేకుండా ఇనుప అంచు మీదుగా వైరు లాగారు, తొడుగు సగం తెగి ఉంది. ఫ్యూజు హోల్డరేమో డిక్కీలో ఆంప్ పక్కన! అది బ్యాటరీ నుంచి అర మీటరు లోపే ఉండాలి, ఎందుకంటే ఆ ఫ్యూజు పని వైరును కాపాడటం. ఆ తొడుగు ఇంకొంచెం తెగి ఉంటే మధ్యలో అడ్డుకునేది ఏదీ లేదు, ఇంజన్ గదిలో మంట లేచేది.

ఇంజన్ నడుస్తూ బేస్ గట్టిగా మోగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులుంటే ఆంప్ దగ్గర 12.3 మాత్రమే. స్వచ్ఛమైన రాగి వైరు వేసి, ఎర్త్‌ను కారు నేల మీద లోహం మెరిసేదాకా గీకి, అర మీటరుకు తక్కువ పొడవుతో బిగించాక అదే పాటకు 13.7 వచ్చింది. ఆంప్‌ను ముందు ప్రయాణికుడి సీటు కిందకి మార్చాం. ప్లైవుడ్ చెక్క మీద, నేలకు రెండు వేళ్ల ఎత్తున ఉంది, ఏసీ గాలి తగులుతుంది. వానాకాలంలో తడి చెప్పులతో ఎక్కేవాళ్లను మాత్రం కాస్త చూసుకోవాలి. సబ్ కాయిళ్లను సీరీస్‌లో కలిపి 8 ఓమ్‌లు చేశాం. బేస్ కొంత తగ్గింది, నాకు ఆ తగ్గుదలే నచ్చింది. దడదడ పోయి స్వరం మిగిలింది.

ఆ తర్వాత ఎర్ర దీపం చూడలేదు. మేలో హైదరాబాద్ చేరాక చెయ్యి పెట్టి చూస్తే వేడిగా ఉంటుంది, కానీ చెయ్యి తీసేయాల్సినంత కాదు. ఇంజన్ వేగంతో పాటు పెరిగే సన్నని ఈల మొదట్లో ఉండేది. ఎర్త్ మార్చి, ఆర్‌సీఏ తీగలను (స్టీరియో నుంచి ఆంప్‌కు పాట తెచ్చేవి) పవర్ వైరుకు దూరంగా రెండో వైపు నుంచి లాగాక అదీ పోయింది. ముందు స్పీకర్లకు 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (అంతకంటే కింది బేస్‌ను ఆపే ఫిల్టర్) పెట్టుకుని ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ విన్నాను. గొంతు వెనక అది వేసే అడుగులు విడివిడిగా తెలిశాయి. ఈ ధరకు ఇంత శుభ్రమైన శబ్దం నేను ఆశించలేదు.

లోపాలు లేవని కాదు. అంత వేడి పుట్టించే యంత్రానికి లోపల ఫ్యాన్ లేదు. గెయిన్ నాబ్‌లు (స్టీరియో సిగ్నల్‌కు తగ్గట్టు ఆంప్‌ను సరిచేసేవి) మరీ సున్నితం, వెంట్రుకవాసి తిప్పితే శబ్దం ఎగురుతుంది. డిక్కీ తప్ప చోటు లేనివాళ్లు, సబ్ దద్దరిల్లాలనుకునేవాళ్లు దీని జోలికి పోకుండా తక్కువ వేడెక్కే క్లాస్ డీ మోనోబ్లాక్ (ఒకే ఛానెల్ ఉన్న ఆంప్) కొనుక్కోవడం మేలు. ముందు స్పీకర్లు బాగా పలకాలి, వెనక ఓ మోస్తరు బేస్ చాలనుకుంటే దీనికి నా ఓటు నాలుగు స్టార్లు. ఐదోది కోసేసింది టెర్మినల్ స్క్రూల వల్ల. మన రోడ్ల కుదుపులకు అవి వదులవుతుంటాయి, ఆరు నెలలకోసారైనా బిగించుకోవాలి. దానికి కావాల్సిన అలెన్ కీ పెట్టెలో ఇవ్వరు.