యో లా టెంగో రికార్డు: పెట్టిన డబ్బుకు తగినదే

బెంగళూరు జయనగర్‌లోని ఒక చిన్న దుకాణంలో అమెరికన్ రాక్ బృందం యో లా టెంగో 1997 ఆల్బమ్ ‘ఐ కెన్ హియర్ ద హార్ట్ బీటింగ్ యాజ్ వన్’ కొన్నాను. రెండు రికార్డులు, 3,600 రూపాయలు. అట్ట ఒక మూల నలిగి ఉంది. అంత ధర పెట్టాక మనసు చివుక్కుమంది.

న్యూజెర్సీలోని హోబోకెన్‌లో 1984లో ఐరా కాప్లన్, జార్జియా హబ్లీ దంపతులు ప్రారంభించిన బృందం ఇది. ఆయన గిటారు, ఆమె డ్రమ్స్. బేస్ వాయించే జేమ్స్ మెక్‌న్యూ 1992లో చేరాక ఈ ముగ్గురూ విడిపోలేదు. 2023లోనూ కొత్త ఆల్బమ్ ఇచ్చారు. పేరు కోసం పరుగులు పెట్టకుండా ఇన్నేళ్లు కలిసి వాయించడం ఎంత గొప్ప విషయమో!

ఈ ఆల్బమ్‌లోని ‘ఆటమ్ స్వెటర్’ పాట ఫోనులో వందసార్లు విన్నదే. రికార్డు మీద సూది వాలి, ఆ ఆర్గాన్ కింద డ్రమ్స్ మెత్తగా నడక అందుకోగానే, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న మా ఆవిడ కత్తి పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పాట అయ్యేదాకా కదలలేదు. ఐరా గొంతు దాదాపు గుసగుసే, అయినా గదంతా నిండిపోయింది.

చివర్లో పది నిమిషాలు దాటి సాగే ‘స్పెక్ బీబాప్’ మాత్రం నాకు ఎక్కువే అనిపించింది. కొనేవారు అట్ట మూలలు చూసుకుని, నలిగి ఉంటే ధర తగ్గించమని అడగండి.