షోరూమ్ సర్వీసింగా, బయట గ్యారేజీనా: రెండూ వాడి రాస్తున్న రివ్యూ

కారు వారంటీ అయిపోయే టైమ్‌కి అందరికీ వచ్చే డౌటే ఇది, ఇంకా కంపెనీ షోరూమ్‌లోనే సర్వీసింగ్ ఇవ్వాలా లేక బయట మంచి మెకానిక్‌ని చూసుకోవాలా అని. నేను రెండు చోట్లా చేయించాను, ఇప్పటికీ రెండు చోట్లకీ వెళ్తున్నాను. ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, కారు మొత్తానికి కలిపి ఇదా అదా అని తేల్చేసుకోకండి, ఏం పని పడిందో చూసి ఆ పని ఎవరికి బాగా వచ్చో అక్కడికి తీసుకెళ్ళండి. ఒకే కారులో ఆయిల్ మార్చడం ఒకరకం పని, గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఇంకో రకం పని, రెండింటికీ ఒకే చోటు బెస్ట్ అవ్వాలని రూలేం లేదు.

ముందు షోరూమ్ సంగతి. వారంటీలో ఉన్నంతకాలం నేను కళ్ళు మూసుకుని షోరూమ్‌కే వెళ్ళమంటాను. ఏదైనా పార్ట్ పోతే ఫ్రీగా మార్చేది వాళ్ళే, రికార్డ్ అంతా వాళ్ళ కంప్యూటర్‌లోనే ఉంటుంది, వారంటీ అయిపోయిన కొత్తల్లో పెద్ద పార్ట్ ఏదైనా పోయినా హిస్టరీ మొత్తం కంపెనీలోనే ఉంటే వాళ్ళు కొంత ఖర్చు భరించే ఛాన్స్ కూడా ఉంటుంది. ఇంకోటి రీకాల్, అంటే తయారీలో లోపం బయటపడితే కంపెనీయే కార్లని వెనక్కి పిలిచి సరిచేయడం. ఇది చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం చాలా సీరియస్ విషయం. టకాటా ఎయిర్‌బ్యాగ్‌ల గొడవ గుర్తుంది కదా, ఇన్‌ఫ్లేటర్‌లో వాడిన అమ్మోనియం నైట్రేట్ వేడికీ తేమకీ ఏళ్ళ తరబడి పాడైపోయి, బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఇనుప ముక్కలు లోపల కూర్చున్నవాళ్ళకే తగిలాయి, ప్రపంచం మొత్తంమీద కోట్ల కార్లకి మార్చాల్సి వచ్చింది. అలాంటివి బయట గ్యారేజీలో చేయరు, డీలర్ దగ్గరే ఫ్రీగా చేస్తారు. కాబట్టి మీరు షోరూమ్‌కి వెళ్ళడం మానేసినా సరే, ఛాసిస్ నంబర్ కొట్టి కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ ఉందేమో చూసుకోవడం మాత్రం మానకండి.

మరి షోరూమ్‌లో నాకు నచ్చనిది ఏంటంటే, మనం మాట్లాడే మనిషి వేరు, కారు మీద చెయ్యి వేసే మనిషి వేరు. సర్వీస్ అడ్వైజర్ జాబ్ కార్డ్ రాసుకుంటాడు, మనం చెప్పిన కంప్లయింట్‌ని ఒక్క లైన్‌లో కుదిస్తాడు, ఆ లైన్ లోపలున్న టెక్నీషియన్‌కి వెళ్తుంది. "చల్లగా ఉన్నప్పుడు ఎడమ వైపు తిప్పితే మాత్రమే ముందు నుంచి టక్ టక్ అంటోంది" అని నేను చెప్తే జాబ్ కార్డ్‌లో "సస్పెన్షన్ నాయిస్ చెక్" అని ఉంటుంది. డాక్టర్‌ని చూడకుండా రిసెప్షన్‌లో రోగం చెప్పి ఇంటికొచ్చేసినట్టు. తర్వాత ఫోన్ చేసి ఇంజిన్ ఫ్లష్ చేద్దామా, ఇంజెక్టర్ క్లీనింగ్ చేద్దామా, ఏసీ డిస్‌ఇన్ఫెక్టెంట్, అండర్‌బాడీ కోటింగ్ అని వరసపెట్టి అడుగుతారు. వీటిలో చాలావాటికి కారుతో వచ్చిన మాన్యువల్‌లో షెడ్యూలే ఉండదు. నేను చేసేది సింపుల్, మాన్యువల్‌లో మెయింటెనెన్స్ టేబుల్ ఉంటుంది, అది ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకున్నాను, అందులో ఆ కిలోమీటర్లకి ఏం రాశారో అవి చేయండి చాలు, మిగతావి వద్దు అని జాబ్ కార్డ్ మీదే రాయించి సంతకం పెడతాను. ఇలా రాయిస్తే ఎవరూ ఏమీ అనరు, ఒకసారి అలవాటైతే వాళ్ళే అడగడం తగ్గిస్తారు.

బ్రేకుల విషయం కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే బయట గ్యారేజీకి వెళ్ళడం నేను మొదలుపెట్టింది దానివల్లే. నేను వెళ్ళే షోరూమ్‌లో ముందు బ్రేక్ ప్యాడ్‌లతో పాటు డిస్క్‌లు కూడా అయిపోయాయి, రెండూ మార్చాలి అన్నారు. ఎంత మందం ఉంది అని అడిగితే నంబర్ చెప్పలేదు, అరిగిపోయాయి సార్ అంతే. నేను ఆగండి అని చెప్పి కారు తెచ్చేసుకుని, ఫ్రెండ్ చెప్పిన గ్యారేజీకి తీసుకెళ్ళాను. అక్కడ మెకానిక్ చక్రం విప్పి వెర్నియర్ తీసి డిస్క్ మందం కొలిచి, డిస్క్ అంచు మీదే కంపెనీ పోత పోసిన మినిమమ్ థిక్‌నెస్ నంబర్ నాకు చూపించి, ఇంకా దానికి పైనే ఉంది, ప్యాడ్‌లు మారిస్తే చాలు అన్నాడు. ఇలా అంకె చూపించి మాట్లాడేవాళ్ళంటే నాకు గౌరవం. చాలా డిస్క్‌ల మీద ఈ నంబర్ ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. ప్యాడ్ కూడా అంతే, చాలా కార్లలో కొత్తది దాదాపు 10, 12 మిల్లీమీటర్లు ఉంటుంది, 3 దగ్గరికి వచ్చిందంటే మార్చేయాలి. డిస్క్ మార్చమని ఎవరు చెప్పినా, షోరూమ్ అవనీ గ్యారేజీ అవనీ, ఎంత ఉంది, ఎంత ఉండాలి అని రెండు నంబర్లు అడగండి.

అప్పటినుంచి ఆయిల్ సర్వీసింగ్, బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు, లింక్ రాడ్‌లు, కూలెంట్, బేరింగ్‌లు ఇవన్నీ ఆ గ్యారేజీలోనే. బాగా నచ్చింది ఏంటంటే పక్కనే నిలబడి చూడొచ్చు, విప్పిన పార్ట్ చేతికిస్తాడు, ఇది ఇందుకు అరిగింది అని చూపిస్తాడు, పోయినసారి ఏం చేశాడో అతనికే గుర్తుంటుంది. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే గిన్నె) బోల్ట్ వాషర్ ప్రతిసారీ కొత్తది వేస్తాడు, బోల్ట్ టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బలంతో బిగించాలో కొలిచే పానాతో బిగిస్తాడు. చిన్న విషయంలా ఉంటుంది కానీ అల్యూమినియం సంప్‌లో బోల్ట్ బలంగా బిగించి మరలు పోగొడితే సంప్ మొత్తం మార్చుకోవాలి. బిల్లు కూడా షోరూమ్ కంటే బాగా తక్కువే అవుతుంది, ముఖ్యంగా లేబర్ దగ్గర, ఎందుకంటే షోరూమ్‌లో ఎక్కువగా ఈ పనికి ఇన్ని గంటలు అని ముందే ఫిక్స్ చేసిన లెక్క ప్రకారం వేస్తారు, టెక్నీషియన్ త్వరగా ముగించినా లెక్క మారదు.

అయితే బయట చేయించేటప్పుడు ఆయిల్ విషయంలో మాత్రం మీరే జాగ్రత్తగా ఉండాలి, దీనికి ఇంకెవరినీ నమ్ముకోవద్దు. 5డబ్ల్యూ-30 అంటే సరిపోదు, అది చిక్కదనం మాత్రమే, దాని కింద ఇంకో స్పెసిఫికేషన్ ఉంటుంది, అదే ముఖ్యం. పార్టిక్యులేట్ ఫిల్టర్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ కారులో బూడిద తక్కువ వచ్చే ఆయిల్ వేయాలి, యూరప్ గ్రేడ్ ఏసీఈఏ సీ3 లాంటివి, మామూలు ఆయిల్ వేస్తే ఆ బూడిద ఫిల్టర్‌లో పేరుకుపోతుంది, ఫిల్టర్ వేడెక్కి మసిని కాల్చేసుకున్నా ఈ బూడిద పోదు. చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్‌లకి 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే అమెరికన్ ఆయిల్ రేటింగ్ ఉంది, తక్కువ స్పీడ్‌లో ఇంజిన్ మీద లోడ్ పడినప్పుడు పెట్రోల్ టైమ్ కంటే ముందే మండిపోయే సమస్యకీ, టైమింగ్ చైన్ అరుగుదలకీ అందులో టెస్టులు ఉన్నాయి. కొన్ని ఇంజిన్‌లలో టైమింగ్ బెల్ట్ ఆయిల్‌లోనే తిరుగుతుంది, వాటిలో తప్పు ఆయిల్ పోస్తే బెల్ట్ ఉబ్బి పొరలు ఊడి ఆ ముక్కలు ఆయిల్ పంప్ జాలీకి అడ్డం పడతాయి, ఇంజినే పోవచ్చు. అందుకే నేను మాన్యువల్‌లో రాసిన ఆయిల్ సీల్ డబ్బా కొనుక్కుని వెళ్తాను, నా ముందే సీల్ తీసి పోస్తారు, బిల్లు మీద గ్రేడ్, స్పెసిఫికేషన్, కిలోమీటర్లు రాయిస్తాను. బ్రేక్ ఫ్లూయిడ్ కూడా చాలామంది మర్చిపోతారు. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, డాట్ 4 గ్రేడ్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దగ్గర మరగాలి, నీళ్ళు చేరాక ఉండాల్సిన కనీస లెవెల్ 155 డిగ్రీలే, ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి ఫ్లూయిడ్ మరిగితే పెడల్ మెత్తగా కిందకి వెళ్ళిపోతుంది. మామూలుగా రెండేళ్ళకోసారి మార్చాలి, మంచి గ్యారేజీ ఎవరైనా చేయగలిగిన పని.

ఇక గ్యారేజీ చేయలేనిది. నాది డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్, అంటే రెండు క్లచ్‌లని కంప్యూటరే నడిపే గేర్‌బాక్స్, ఒక దశలో ట్రాఫిక్‌లో మెల్లగా కదిలేటప్పుడు వణుకు మొదలైంది. గ్యారేజీలో స్కానర్ పెట్టి చూశాడు, ఫాల్ట్ కోడ్ ఏం లేదు, క్లచ్ విప్పేద్దాం అనలేదు, "ఇది మా పని కాదన్నా, ముందు షోరూమ్‌లో గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందేమో అడుగు" అన్నాడు. నిజంగానే ఉంది, అప్‌డేట్ ఎక్కించి క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పించాక వణుకు తగ్గిపోయింది. ఆ రోజు షోరూమ్ టెక్నీషియన్ పని చూస్తే చాలా ముచ్చటేసింది, ఆ మోడల్ మీద ట్రైనింగ్ తీసుకున్న మనిషి చేసే పద్ధతే వేరు. కాబట్టి ఆటోమేటిక్ గేర్‌బాక్స్, హైబ్రిడ్‌లలో నారింజ రంగు వైర్ల (హై వోల్టేజ్ వైర్ల) వైపు ఏ పని అయినా, ఎయిర్‌బ్యాగ్, కీ ప్రోగ్రామింగ్, విండ్‌షీల్డ్ అద్దం మార్చాక ముందు కెమెరా కాలిబ్రేషన్ (సరిగ్గా సెట్ చేయడం), వీటికి నేను షోరూమే అంటాను, లేదా ఆ ఒక్క పనే చేసే స్పెషలిస్ట్. కరెంట్ హ్యాండ్‌బ్రేక్ ఉన్న కార్లలో వెనక ప్యాడ్‌లకి కూడా చాలావాటికి స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టి పిస్టన్ వెనక్కి తీయాలి, బయట క్లాంప్ పెట్టి నొక్కేస్తే లోపల మోటార్ దెబ్బతింటుంది, ఇది గ్యారేజీవాళ్ళకి తెలుసో లేదో ముందే అడగండి.

బయట చేయిస్తే వారంటీ పోతుందా అని ప్రతిఒక్కరూ అడుగుతారు. ఇది దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో 1975 నుంచే మాగ్నసన్-మాస్ చట్టం ఉంది, బయట సర్వీసింగ్ చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ ఇవ్వం అనడానికి లేదు. యూరప్‌లో కూడా 2002లో వచ్చిన రూల్స్, తర్వాత 2010 రూల్స్ ఇండిపెండెంట్ గ్యారేజీల వైపే నిలబడ్డాయి. మన దగ్గర 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఆర్డర్ ఇచ్చింది, స్పేర్‌లూ డయాగ్నస్టిక్ టూల్సూ బయటవాళ్ళకి దొరకనివ్వట్లేదని. నాకైతే ఈ పోరాటం చాలా ముఖ్యమైంది అనిపిస్తుంది, చేతిలో పనితనం ఉన్న మెకానిక్‌కి టూల్, సమాచారం లేకుండా చేయడం అన్యాయం. కానీ మీ వారంటీ బుక్‌లో ఏం రాశారో చదవకుండా దీన్ని నమ్ముకుని మొదటి ఏడాదే బయటకి వెళ్ళకండి, రేపు క్లెయిమ్ దగ్గర వాదించాల్సింది మీరే.

స్పేర్‌ల గురించి రెండు ముక్కలు. కంపెనీ డబ్బాలో వచ్చే ఫిల్టర్, క్లచ్, బేరింగ్ ఎక్కువగా కార్ల కంపెనీ చేసినవి కావు, బాష్, మాన్, మాహ్లే, లుక్, వాలియో, ఎస్‌కేఎఫ్ లాంటివాళ్ళు చేసి ఇస్తారు, అవే సొంత పేరుతో బయట కూడా అమ్ముతారు. అవి వేయించుకోండి, పేరులేని డూప్లికేట్ మాత్రం ఎంత తక్కువకి వచ్చినా వద్దు, ముఖ్యంగా బ్రేకుల్లో.

కొత్త గ్యారేజీ చూసుకునేటప్పుడు మొదటిసారే పెద్ద పని ఇవ్వకండి, ఆయిల్ సర్వీసింగో బ్రేక్ ప్యాడ్‌ల పనో ఇచ్చి చూడండి. ఏం ఆయిల్ పోస్తారు అని అడిగితే "ముందు మీ మాన్యువల్ చూపించండి" అన్నాడా, లేక అన్ని కార్లకీ ఒకే డ్రమ్ములోంచి పోస్తున్నాడా చూడండి. మీ కంపెనీ కార్లే అక్కడ నాలుగు నిలబడి ఉంటే మంచి గుర్తు. విప్పాక ఇంకో పని కనిపిస్తే ఫోన్ చేసి అడిగాకే ముట్టుకోవాలని ముందే చెప్పండి. సరైన బిల్లు ఇవ్వనంటే అక్కడ వద్దు, రేపు కారు అమ్మేటప్పుడు ఆ బిల్లులే మీ సర్వీస్ హిస్టరీ, షోరూమ్ రికార్డ్ ఉన్న కారుకి కొనేవాళ్ళు కొంచెం ఎక్కువ విలువ ఇస్తారు కాబట్టి బయట చేయించేవాళ్ళకి ఈ ఫైల్ ఇంకా అవసరం.

రేటింగ్ అడిగితే, నేను వెళ్ళే గ్యారేజీకి మామూలు సర్వీసింగ్‌లో 5కి 4.5, ఎలక్ట్రానిక్స్‌లో 2. షోరూమ్‌కి ఎలక్ట్రానిక్స్, గేర్‌బాక్స్‌లో 4.5, మామూలు సర్వీసింగ్‌లో 3, అందులో తగ్గించింది అంతా అడ్వైజర్‌కీ టెక్నీషియన్‌కీ మధ్య ఉన్న దూరానికే. ఆ దూరం తగ్గాలంటే కారులో టెక్నీషియన్‌ని ఎక్కించుకుని ఒక రౌండ్ టెస్ట్ డ్రైవ్ అడగండి, చాలా షోరూమ్‌లలో అడిగితే ఒప్పుకుంటారు, శబ్దం కంప్లయింట్ ఉన్నప్పుడైతే తప్పకుండా అడగండి.