కోడిపిల్లల ఆన్‌లైన్ అమ్మకందారుతో 15 నెలలు: నేనిచ్చిన అయిదు స్టార్లు వెనక్కి తీసుకుంటున్నాను

2024 జులైలో ఈ అమ్మకందారుకి అయిదు స్టార్లు ఇచ్చింది నేనే. "పిల్లలు చలాకీగా ఉన్నాయి, ప్యాకింగ్ బాగుంది, 60లో 2 మాత్రమే పోయాయి" అని రాసింది కూడా నేనే. అప్పటికి పెట్టె తెరిచి గంట కూడా కాలేదు. ఆ మాటలు చదివి మలికిపురం వైపు నుంచి ఒక కుర్రాడు 100 పిల్లలు తెప్పించుకున్నాడు. మూడు వారాల తర్వాత నాకు మెసేజ్ పెట్టాడు: "అక్కా, మీరు బాగున్నాయన్నారని తీసుకున్నానండి. నాకు 18 మిగిలాయి. మీవి ఎలా ఉన్నాయండి?" ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అందుకే ఇప్పుడు, 15 నెలలు గడిచాక, మొదటి నుంచి చివరి దాకా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరితోట, రెండు గేదెలు, అత్తయ్య పెంచుకునే నాటుకోళ్లు. తోటలో ఖాళీ ఉంది కదా, వనరాజా, గ్రామప్రియ పిల్లలు వేసుకుంటే గుడ్లమ్ముకోవచ్చని నేనే ముందుకొచ్చాను. ఈ రెండు రకాలూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవాళ్లు పెరటి పెంపకం కోసమే తయారుచేసినవి. రకంలో ఏ లోపమూ లేదు, ఆ మాట ముందే చెప్పాలి. తప్పంతా అవి వచ్చిన చోటుది.

ఒక యాప్‌లో ప్రకటన చూశాను. నీలం ట్రేలో పసుపుపచ్చగా మెరిసిపోతున్న పిల్లలు, "అన్ని టీకాలు వేసినవి, ఒక రోజు వయసు, ఇంటి దాకా డెలివరీ". ఫోన్ చేస్తే తీయగా మాట్లాడాడు. యాప్‌లో కడితే కమిషన్ పోతుంది, నేరుగా యూపీఐ చేస్తే పిల్లకి 5 రూపాయలు తగ్గిస్తానన్నాడు. సరేనన్నాను. 60 పిల్లలు, ఒక్కోటి 50 రూపాయలు, బస్సు పార్సిల్‌కి 600. మొత్తం 3,600. డబ్బు వెళ్లిన ఖాతా పేరు అతని పేరు కాదని అప్పుడే కనిపించింది. "మా బావమరిది ఖాతా అక్కా" అన్నాడు, నమ్మాను.

తెల్లవారుజామున రావులపాలెంలో పార్సిల్ దించారు. మా ఆయన బండి మీద తెచ్చారు. సావిడిలో ఒక మూల అట్టలతో గుండ్రంగా కట్టి, మిల్లు నుంచి తెచ్చిన ఊక పరిచి, పైన కాగితాలు వేసి, రెండు బల్బులు వేలాడదీసి అన్నీ ముందు రోజే సిద్ధం చేశాను. పిల్లల ఎత్తులో థర్మామీటర్ కూడా కట్టాను. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, తర్వాత వారానికి అయిదేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. బెల్లం కలిపిన గోరువెచ్చటి నీళ్లలో ఒక్కోదాని ముక్కు ముంచి వదిలాను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఫోన్ చేస్తే అమ్మకందారు అన్న మొదటి మాట "మీరు వేడి సరిగ్గా పెట్టి ఉండరు" అనే.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల పొట్టలో పచ్చసొన మిగిలి ఉంటుంది. దాని బలం మీదే రెండు మూడు రోజులు మేతా నీళ్లూ లేకపోయినా బతుకుతుంది. ఇన్ని గంటల ప్రయాణానికి తట్టుకునేది అందుకే. పెట్టె తెరిచిన రోజు అవి చలాకీగా ఉండటానికి కారణం కూడా ఆ సొనే. రోగం ఉన్న పిల్ల కూడా ఆ రోజు బాగానే కనిపిస్తుంది. ఇది నాకు తెలిసేసరికి నా స్టార్లు వెళ్లిపోయాయి.

మూడో రోజు అత్తయ్య చూసి, "అమ్మాయ్, ఇవి అరుస్తున్నాయి గానీ తినట్లేదే" అన్నారు. సాయంత్రానికి ఏడు పోయాయి. కొన్నింటి పొట్టలు ఉబ్బి మెత్తగా ఉన్నాయి, బొడ్డు దగ్గర తడిగా, ముట్టుకుంటే కంపు. ఇంకొన్నింటికి తెల్లగా పారి, వెనకంతా సున్నం ముద్దలా అతుక్కుపోయింది. వేడినీళ్లలో దూది ముంచి ఒక్కోదాన్నీ తుడిచాను. తుడిచినవాటిలోనూ సగం పొద్దున్నకి లేవు. పదో రోజుకి 31 పోయాయి, 27 మిగిలాయి.

చచ్చినవాటిలో రెండింటిని పశువైద్యశాలకి తీసుకెళ్లాను. డాక్టరు గారు కోసి చూపించారు. సొన ఇంకకుండా అలాగే ఉండి, రంగు మారి కుళ్లింది. బొడ్డు మూసుకోకముందే మురికి పొదుగు యంత్రంలోనో ట్రేలోనో సూక్ష్మజీవులు లోపలికి వెళితే ఇలా అవుతుందట. తెల్ల పారుడు తల్లికోడి నుంచి గుడ్డు ద్వారానే పిల్లకి వస్తుందని కూడా చెప్పారు. రెండూ హేచరీలో, అంటే పిల్లల్ని పొదిగించే చోట, మొదలయ్యేవే. "నీ బల్బుల తప్పేం లేదమ్మా" అని ఆయన అన్నాక గానీ నేను ఊపిరి పీల్చుకోలేదు.

అమ్మకందారుకి ఫొటోలు, థర్మామీటర్ వీడియో, డాక్టరు గారు రాసిచ్చిన కాగితం అన్నీ పంపాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు, "బాధపడకండి అక్కా, 20 పిల్లలు ఊరికే ఇస్తాను. కానీ అవొక్కటే పంపితే పార్సిల్ ఖర్చు కిట్టదు. ఇంకో 30 తీసుకోండి" అన్నాడు. నవంబర్‌లో 30 కడక్‌నాథ్ (నల్లకోడి) పిల్లలకి, పిల్లకి 75 చొప్పున, పార్సిల్‌తో కలిపి 2,750 కట్టాను. ఈ 15 నెలల్లో నేను చేసిన పెద్ద తప్పు ఇదే. పోయిన 3,600తో ఆగిపోవాల్సింది. ఊరికే వచ్చే 20 మీద ఆశతో రోగాన్ని డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకున్నాను.

రెండో పెట్టెలో పిల్లలు ఒక రోజువి కావు. కొన్నింటికి రెక్క ఈకలు బాగా వచ్చేశాయి, కొన్ని మరీ చిన్నవి. ఎక్కడెక్కడో మిగిలినవి ఏరి పెట్టెలో కుక్కినట్టున్నాయి. నోరు తెరిచి ఆయాసపడుతున్నాయి. "దారిలో చల్లగాలి తగిలుంటుంది" అన్నాడు. నాలుగు రోజుల్లో ఆకుపచ్చటి రెట్టలు మొదలయ్యాయి, తర్వాత మెడలు మెలితిరిగిపోయాయి. మా వైపు కొక్కెర తెగులు అంటారు, డాక్టర్లు రాణిఖేత్ అంటారు. ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్ పేరే దానికి పెట్టారు. దానికి మందు లేదు, ముందు వేసే టీకా ఒక్కటే. 50లో 6 మిగిలాయి.

అత్తయ్య కోళ్ల సంగతి రాయడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. కొత్త పిల్లల్ని సావిడిలో వేరుగానే పెట్టాను గానీ, అవే చెప్పులతో పెరట్లోకి తిరిగాను, అదే బకెట్‌తో రెండు చోట్లా నీళ్లు పోశాను. పన్నెండో రోజున ఆవిడ నల్ల పెట్ట మెడ వంకర పెట్టి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఆ పెట్ట ఆరేళ్లుగా మా ఇంట్లో ఉంది, ఎన్ని పొదుగులు పొదిగిందో లెక్కలేదు. వారంలో 14 కోళ్లలో 9 పోయాయి, సంక్రాంతికి పందెం వాళ్లు ఎంత అడిగినా ఆవిడ అమ్మని డేగ పుంజుతో సహా. వాటికి ఎప్పుడూ టీకాలు వేయించలేదు. నాటుకోడికి టీకా ఏమిటి అని మేమెవరం ఆలోచించలేదు. నా 27లో 3 మాత్రమే పోయాయి, ఎందుకంటే వాటికి ఏడో రోజున లసోటా అనే రాణిఖేత్ టీకా చుక్కలు కంట్లో వేయించాను, నాలుగో వారంలో మళ్లీ వేయించాను. ఒకే పెరట్లో, ఒకే వారంలో ఆ తేడా చూశాను. గొయ్యి లోతుగా తీసి, సున్నం వేసి పూడ్చాం. అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. ఖాళీ గంపలు కడిగి బోర్లించారు, అంతే.

ఇంకా ఉంది. ఆ 24 కోళ్లు బాగా పెరిగాయి, ఇక గుడ్డు పెట్టే సమయం. డిసెంబర్ చివర్లో ఒకటి ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి చాపి పడిపోయింది. మేత కావాలని చూస్తుంది, లేవలేదు. ఒకదాని తర్వాత ఒకటి, ఫిబ్రవరి దాకా 9 పోయాయి. డాక్టరు గారు చూసి మారెక్స్ అనే వైరస్ రోగం అన్నారు. ఆ టీకా హేచరీలోనే మొదటి రోజున మెడ దగ్గర చర్మం కింద వేయాలి. వైరస్ తగిలాక వేసినా పనికిరాదు. ప్రకటనలో "అన్ని టీకాలు వేసినవి" అని రాసింది ఇతనే. పిల్ల వచ్చిన అయిదు నెలలకి బయటపడే మోసానికి ఏ యాప్‌లో స్టార్లు ఇస్తాం?

కడక్‌నాథ్ అని పంపినవాటిలో బతికినవి నాలుగు. మధ్యప్రదేశ్ ఝాబువా కోడి అది, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాళ్లు, చర్మం, నాలుక కూడా నల్లగా ఉండాలి. వీటికి మూడు నెలలు వచ్చేసరికి పసుపు కాళ్లు, ఎర్ర జుట్టు. నల్ల ఈకల మామూలు కోళ్లు.

2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరులో, తణుకు మండలం వేల్పూరులో బర్డ్ ఫ్లూ అని తేలింది. ఊళ్ల చుట్టూ కిలోమీటరు మేర కోళ్లని తీసేయడం, 10 కిలోమీటర్ల దాకా నిఘా. మా గోదావరి జిల్లాల్లో ఎన్ని కుటుంబాలు గుడ్ల మీద, కోళ్ల మీద బతుకుతున్నాయో బయటివాళ్లకి తెలియదు. ఇక్కడి గుడ్లు లారీల్లో బెంగాల్, అస్సాం దాకా వెళతాయి. అలాంటి చోటికి ఎక్కడి పిల్లలో, ఏ కాగితమూ లేకుండా, బస్సు డిక్కీలో పెట్టి పంపుతున్నాడితను. నాకు కోపం పోయిన 6,350 రూపాయల మీద కాదు. పక్కింటి సూరమ్మ గారి కోళ్లకి కూడా నా పెరటి నుంచే అంటుకుందేమోనని ఇప్పటికీ అనుమానం.

ఫిర్యాదు సంగతి. మారెక్స్ అని తేలాక ఫోన్ చేస్తే నంబరు బ్లాక్ చేశాడు. యాప్‌వాళ్లు, డబ్బు బయట కట్టారు కాబట్టి మాకు సంబంధం లేదన్నారు. ఆ 5 రూపాయల తగ్గింపు నన్ను ఎక్కడ వదిలేసిందో అప్పుడు అర్థమైంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుని వివరాలు ఓపిగ్గా అడిగారు. అక్కడితో తేలకపోతే ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే వినియోగదారుల కమిషన్‌కి వేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, అమ్మినవాడి ఊరికి తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. నేను వేశాను. పెట్టె తెరిచేటప్పుడు తీసిన వీడియో, పార్సిల్ రసీదు, యూపీఐ రసీదు, డాక్టరు గారి కాగితాలు, మెసేజీలు జత చేశాను. అతని అసలు చిరునామా దొరకకే ఆలస్యమవుతోంది, ప్రకటనలో ఉన్న చిరునామాకి వెళ్లిన ఉత్తరం తిరిగి వచ్చింది. ఖాతా వివరాలతో మళ్లీ ప్రయత్నిస్తున్నాను.

ఈ మధ్యలో కొత్త నంబరు నుంచి ఒకసారి మాట్లాడాడు. నేను స్టార్లు ఒకటికి తగ్గించాక అది. "3,000 పంపిస్తాను అక్కా, ఆ రాసింది తీసేయండి" అన్నాడు. మా ఆయన తీసుకోమన్నారు, ఆ డబ్బుకి మాకూ అవసరం ఉంది. కానీ మలికిపురం అబ్బాయి మెసేజ్ ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. తీయనన్నాను.

ఎవరైనా బయట నుంచి పిల్లలు తెప్పించుకోక తప్పదనుకుంటే, నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి ఇవి. పార్సిల్ దించిన చోటే, ఇచ్చిన మనిషి ముందే పెట్టె తెరవండి. పిల్లని వెల్లకిలా పెడితే వెంటనే తిరగబడి లేవాలి. బొడ్డు ఎండి మూసుకుని ఉండాలి, వెనక భాగం శుభ్రంగా ఉండాలి, కాళ్లు ముడతలు లేకుండా నిగనిగలాడాలి. పది పిల్లల్ని కలిపి తూస్తే 350 గ్రాములకి తగ్గకూడదు. టీకా వేశామంటే హేచరీ పేరు, తేదీ ఉన్న కాగితం అడగండి, లేదంటే వేయలేదనే అనుకోండి. కొత్తవాటిని నెల రోజులు దూరంగా ఉంచండి, చెప్పులూ బకెట్లూ కూడా వేరు. ఇంట్లో పాత నాటుకోళ్లు ఉంటే ముందు వాటికి రాణిఖేత్ టీకా వేయించండి. 100 డోసుల సీసా కలిపాక దాచుకోవడానికి ఉండదు, కాబట్టి వీధిలో నాలుగిళ్లవాళ్లు ఒకే పొద్దున కలిసి వేయించుకోవాలి. మా వీధిలో ఇప్పుడు అలాగే చేస్తున్నాం, సూరమ్మ గారే అందరినీ లేపుతారు.

నిన్న రాత్రి ఆ యాప్‌లో వెతికాను. పేరు మారింది, నంబరు మారింది. నీలం ట్రే, పసుపు పిల్లలు, ఎడమ మూల విరిగిన ట్రే అంచు, అదే ఫొటో. ఇప్పుడు పిల్ల 49 రూపాయలు. కింద అప్పటికే ఇద్దరు అయిదు స్టార్లు ఇచ్చారు. ఆ ఇద్దరికీ నా వీడియోలు పంపి, మీ పిల్లలు వచ్చి ఎన్ని రోజులైందని అడిగాను. ఒకరు జవాబిచ్చారు. రెండు రోజులే అయిందట.