ముఖంపై అవాంఛిత రోమాలు: మాత్రలా, లేజరా, దారమా, ఏది మేలు?

గడ్డం కింద, పై పెదవి మీద నల్లని ముదురు వెంట్రుకలు రావడం మొదలైన అమ్మాయిని మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ముందుగా బ్యూటీ పార్లర్‌కు తీసుకువెళతారు. నెలకు రెండుసార్లు దారంతో తీయించుకోవడం విసుగు పుట్టించాక విశాఖపట్నంలో లేజర్ గురించి వాకబు చేస్తారు. అదీ ఫలించకపోతే అప్పుడు డాక్టరు గుర్తుకు వస్తారు. నెలసరి సరిగా రాని అమ్మాయిల విషయంలో ఈ వరుస పూర్తిగా తలకిందులైనదని నా అభిప్రాయం. దారమూ లేజరూ వచ్చిన వెంట్రుక మీద పనిచేస్తాయే తప్ప, నూగును ముదురు వెంట్రుకగా మార్చే హార్మోన్ జోలికి పోవు.

ఆ హార్మోన్లను ఆండ్రోజెన్లంటారు. అండాశయాలు, అడ్రినల్ గ్రంథులు ప్రతి స్త్రీలోనూ వాటిని కొద్దిగా తయారుచేస్తూనే ఉంటాయి. వాటి మోతాదు పెరిగినా, రక్తంలో వాటిని పట్టి ఉంచే ప్రొటీన్ తగ్గినా గడ్డం, ఛాతీ, పొత్తికడుపు వంటి చోట్ల వెంట్రుకలు ముదురుతాయి. ఈ సమస్యతో వచ్చే స్త్రీలలో ఎక్కువ మందికి మూలం పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో అండాశయాల పని గాడితప్పే రుగ్మత. కొందరికి నెలసరి సక్రమంగానే ఉంటుంది, పరీక్షల్లో హార్మోన్లూ మామూలుగానే కనిపిస్తాయి. అటువంటి వారికి వెంట్రుక కుదుళ్లే ఆండ్రోజెన్లకు అతిగా స్పందిస్తాయని వైద్యులు భావిస్తారు. కాబట్టి ఏ పద్ధతి అన్న ప్రశ్నకు ముందు టెస్టోస్టెరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్ వంటి పరీక్షలలో ఏవి అవసరమో శ్రీకాకుళం రిమ్స్‌లోనో విజయనగరం ప్రభుత్వాసుపత్రిలోనో స్త్రీ వైద్య నిపుణులను అడగడం మంచిది. కొద్ది నెలల్లోనే రోమాలు వేగంగా పెరిగి, గొంతు బొంగురుపోయి, నడినెత్తిన జుట్టు రాలుతుంటే మాత్రం ఈ పోలికలన్నీ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి; అరుదుగానైనా అది అండాశయంలోనో అడ్రినల్ గ్రంథిలోనో కంతి పెరుగుతున్నదనడానికి సూచన కావచ్చు.

సాధారణంగా డాక్టర్లు మొదట రాసేవి గర్భనిరోధక మాత్రలు. "పెళ్లి కాని పిల్లకు ఆ మాత్రలేమిటి?" అని తల్లులు చీటీని మందుల షాపు దాకా కూడా వెళ్లనివ్వని ఇళ్లున్నాయి. నిజానికి ఇక్కడ వాటి పని వేరు: అండాశయాలు తయారుచేసే ఆండ్రోజెన్‌ను తగ్గించి, దానిని పట్టి ఉంచే ప్రొటీన్‌ను పెంచుతాయి. వాటివల్ల తర్వాత పిల్లలు పుట్టరన్న భయానికి ఆధారం లేదు. అయితే ఫలితం కనిపించడానికి కనీసం 6 నెలలు పడుతుంది, మానేస్తే రోమాలు మళ్లీ రావచ్చు. రక్తం గడ్డకట్టే జబ్బు, అధిక రక్తపోటు, చూపు చెదిరే రకం మైగ్రేన్ ఉన్నవారికి ఇవి పనికిరావు. మన తీర గ్రామాల్లో ఇంకా అడ్డపొగ (చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటున్న స్త్రీలు 35 ఏళ్లు దాటాక వీటికి దూరంగా ఉండాలి.

ఆరు నెలల మాత్రలతో తృప్తి కలగకపోతే ఆండ్రోజెన్ల పనిని అడ్డుకునే స్పైరనోలాక్టోన్ అనే మందు జోడిస్తారు. గర్భంలో మగశిశువు ఎదుగుదలకు ఇది హాని చేయగలదు కనుక ఇది వాడుతున్నంతకాలం గర్భం రాకుండా చూసుకోవాలి. మన శ్రీకాకుళం జిల్లాకు ప్రత్యేకంగా చెప్పవలసిన విషయం మరొకటి ఉంది. ఈ మందు రక్తంలో పొటాషియంను పెంచుతుంది. మూత్రపిండాలు ఆరోగ్యంగా ఉన్న యువతికి సాధారణంగా ఇబ్బంది ఉండదు గాని, కిడ్నీ జబ్బు విస్తారంగా ఉన్న ఉద్దానం పల్లెల వారు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా దీనిని మొదలుపెట్టకూడదు. కొబ్బరినీళ్లలోనూ పొటాషియం మెండు కనుక, ఇంటి తోటలో బొండాలున్నాయని రోజూ తాగేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఇక చాలామంది వాడే మెట్‌ఫార్మిన్ చక్కెరకు, నెలసరికి ఉపయోగపడుతుంది గాని రోమాల మీద దాని ప్రభావం స్వల్పమే.

లేజర్ వెంట్రుకలోని నల్లరంగును పట్టుకుని కుదురును వేడితో దెబ్బతీస్తుంది. మన చర్మంలోనూ ఆ రంగే ఉంటుంది కనుక తప్పు యంత్రం వాడితే చర్మం కాలి మచ్చలు పడతాయి. నల్లని, చామనచాయ మేనికి 1064 నానోమీటర్ల ఎన్డీ-యాగ్ లేజర్ ఎక్కువ క్షేమకరం. ముఖానికి నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో ఆరో ఎనిమిదో సిట్టింగులు కావాలి. పలాస నుంచో బొబ్బిలి నుంచో విశాఖకు అన్నిసార్లు వెళ్లిరావడానికి అయ్యే రైలు ఛార్జీ, పోయే రోజుకూలీ కూడా లేజర్ ఖర్చులోనే లెక్కవేయాలి. ప్రకటనల్లో 'శాశ్వతం' అని ఉన్నా అది రోమాలను శాశ్వతంగా తగ్గించడమే, పూర్తిగా పోగొట్టడం కాదు. హార్మోన్ అదుపులో లేని ముఖంలో కొత్త కుదుళ్లు ముదురుతూనే ఉంటాయి. కొందరికి లేజర్ తగిలిన చోటి పక్కనే రోమాలు పెరగడమూ ఉంది. అందుకే ఆరు నెలలు మందులు వాడాక లేజర్‌కు వెళితే పెట్టిన డబ్బుకు ఫలితం నిలుస్తుందంటాను.

సన్నని సూదితో ఒక్కొక్క కుదురునూ కాల్చే ఎలక్ట్రాలసిస్ తెల్ల వెంట్రుకలపైనా పనిచేస్తుంది, లేజర్ పనిచేయదు. కాబట్టి నెలసరి ఆగిన తర్వాత గడ్డాన నాలుగైదు తెల్ల వెంట్రుకలు వచ్చిన వారికి ఇదే సరి. గడ్డమంతా రోమాలున్న అమ్మాయికి దీనితో ఓపిక నశిస్తుంది.

పసుపు, నలుగుపిండి చర్మానికి మంచివే కావచ్చు, హార్మోన్‌ను తగ్గించవు. దారం, వ్యాక్స్ వెంట్రుకను కుదురుతో సహా లాగేస్తాయి కనుక లేజర్‌కు ముందు నాలుగైదు వారాలు మానాలి. ఆ వ్యవధిలో రేజర్ వాడవచ్చు. గీస్తే వెంట్రుక ముదురుతుందన్నది అపోహ. మొన తెగి మొద్దుగా ఉండటంతో అలా అనిపిస్తుందంతే.

పెళ్లి మరో రెండు నెలల్లో ఉన్న అమ్మాయికి మందులు అప్పటికి పనిచేయవు, లేజర్ పూర్తికాదు. ఆమెకు ముహూర్తం నాటికి దారమే దిక్కు. ఆపైన పిల్లలు ఎప్పుడు కావాలో భార్యాభర్తలు తేల్చుకున్నాకే మాత్రల సంగతి. త్వరలోనే బిడ్డ కావాలనుకునే వారు మాత్రలు, స్పైరనోలాక్టోన్ రెండూ వదులుకోవాలి. అధిక బరువుంటే మొత్తం ఒంటి బరువులో నూటికి అయిదు పాళ్లు తగ్గినా నెలసరి కుదుటపడే అవకాశం ఉంటుంది. లేజర్‌ను సాధారణంగా కాన్పు అయ్యేదాకా వాయిదా వేస్తారు కనుక గర్భం నిలిచాక దారం, రేజర్‌లతోనే నెట్టుకురావాలి.