గొడవ గుమాస్తాతోనా, మనసుతోనా?

ఒడిశా సరిహద్దు పట్నం పర్లాకిమిడిలో కథ రాసే తెలుగువాడు ఇతివృత్తం కోసం ఎక్కువ దూరం పోనక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది. పట్నం, జమీందారీలో కొంత భాగం అటు వెళ్లాయి. మిగతాది మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. దీన్ని రెండు రకాలుగా కథ చెయ్యొచ్చు.

ఒకటి, బయటి ఘర్షణ. రైతు ఇల్లు ఇటు, పొలం అటు. శిస్తు గొడవ, కచేరీలో గుమాస్తా చుట్టూ తిరుగుడు, చివరికి గెలుపో ఓటమో. 1863లో జర్మన్ రచయిత గుస్టావ్ ఫ్రైటాగ్ నాటకానికి గీసిన పిరమిడ్‌లో ఇది చక్కగా కూర్చుంటుంది: మెల్లగా ఎక్కి, శిఖరం తాకి, దిగుతుంది. చిక్కల్లా గుమాస్తా విలన్ అయిపోవడమే. ముగింపు పాఠకుడే చెప్పేస్తాడు.

రెండోది, లోపలిది. అదే రైతు కొడుకుని ఏ బడిలో వెయ్యాలి? ఒరియా బడైతే రేపు ఉద్యోగం, తెలుగు బడైతే ఇంటి మాట. అడ్డుపడేవాళ్లెవరూ లేరు. పలక కొన్నాడు, అరుగు మీద కూర్చోబెట్టాడు, బలపం పట్టుకున్న చెయ్యి మాత్రం కదలదు.

"అయ్యా, ఏటి రాయాల?" అంటాడు పిల్లాడు. పతాక సన్నివేశం అదే.

చిన్న కథకైతే నా ఓటు దీనికే. నవలకి ఇదొక్కటే చాలదు. రెండొందల పేజీలు మనిషి ఆలోచిస్తూ కూర్చుంటే చదివేవాడికి టెన్షన్ రాదు, నిద్రొస్తుంది. అప్పుడు శిస్తు గొడవ కూడా కావాలి. ఇంకోటి, 'నలిగిపోయాడు' అని రాసినంత మాత్రాన సంఘర్షణ పుట్టదు. రెండు కోరికలూ న్యాయమైనవే కావాలి. పిల్లాణ్ణి రెండు బడులకీ పంపే వీలుంటే ఇక కథే లేదు.